వేదనాహరౌషధములు (నొప్పి మందులు)

నిర్వచనము

స్పృహను పోగొట్టకయే శరీరమునందలి నొప్పిని తగ్గించునట్టి మందులకు వేదనాహరౌషధములని పేరు. స్పర్శజ్ఞానమును గాని తెలివిని గాని కొంతసేపు పూర్తిగా తొలగించు మత్తుమందులు వీనికి భిన్నములు. వ్యవహారమున నివి నొప్పి గోలీలు, నొప్పి సూదులు అని పిలువబడుచున్నవి. ఇవి నొప్పిని తగ్గించును. వీనిలో కొన్ని జ్వరమును, వాపును గూడ నణచును. కాని నొప్పికి మూలమైన వ్యాధిని సాధారణముగ నయము చేయవు. దేహమున నొప్పిని తీవ్రము చేయు రసాయనములే జఠరమును, మూత్రపిండములను సంరక్షించు పనిని గూడ నిర్వహించుచుండుటచే, ఈ వర్గమునందలి పెక్కు మందులకు మేలును కీడును ఒకే క్రియనుండి కలుగుచుండును. ఈ వ్యాసమునందు వాని చరిత్రయు, పనిచేయు తీరును, అపాయములును, తెలంగాణమునందు నిడమనూరు, మిర్యాలగూడ, సూర్యాపేట ప్రాంతములందలి వినియోగమునకు సంబంధించిన విశేషములును వివరింపబడును.

నొప్పి పుట్టు విధము

దెబ్బ తగిలినపుడు గాని, కీలు వాచినపుడు గాని, అచ్చటి కణముల పొరలనుండి అరాకిడోనిక్ ఆమ్లము విడుదలయగును. సైక్లో ఆక్సిజనేజ్ అను ఎంజైము దానిని ప్రోస్టాగ్లాండినులుగా మార్చును. ఇవి స్వయముగ నొప్పిని పుట్టించుటకంటె, నొప్పిని గ్రహించు నాడీకొనలను మిక్కిలి సున్నితములుగా చేయును. అందుచేతనే వాచిన మోకాలిని తాకినంత మాత్రముననే బాధ కలుగును. ఆ సంకేతము సన్నని నాడీతంతువుల ద్వారా వెన్నుపామును చేరి, అచ్చటినుండి మెదడునందలి థాలమసుకును, అటుపిమ్మట మస్తిష్కవల్కమునకును పోవును. ఈ మార్గమున నేదేని యొక చోట సంకేతమును మందగింపజేయుటయే వేదనాహరౌషధములన్నిటి పని.

సైక్లో ఆక్సిజనేజునందు ముఖ్యముగ రెండు రూపములు కలవు. మొదటిది (కాక్స్-1) దేహమున నిత్యము ఉండి, జఠరపు లోపొరను కాపాడుచు, రక్తము గడ్డకట్టుటకు తోడ్పడుచుండును. రెండవది (కాక్స్-2) వాపు కలిగినచోట విశేషముగ పుట్టును; మూత్రపిండములందును, రక్తనాళములందును దీనికి నిత్యకృత్యము కలదు.

చరిత్ర

*ప్రాచీన చికిత్సలు.* నల్లమందు ప్రాచీనకాలమునుండి నొప్పికి వాడబడినది. తెలుగు పల్లెలలో వావిలాకు కాపడము, ఆముదము రాసి వెచ్చజేసిన జిల్లేడాకును మోకాలికి కట్టుట, నువ్వులనూనెతో మర్దనము నేటికిని వాడుకలో నున్నవి.

*పందొమ్మిదవ శతాబ్ది.* 1804-05 ప్రాంతమున జర్మను ఔషధకారుడు సెర్ట్యూర్నర్ నల్లమందునుండి మార్ఫీనును వేఱుచేసెను. అంతకు పూర్వమే ఇంగ్లండున 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అను మతాచార్యుడు విల్లో చెట్టు బెరడు జ్వరమును తగ్గించునని తెలిపెను. 1828లో ఆ బెరడునుండి సాలిసిన్ వేఱుచేయబడినది. దాని సంబంధి యగు ఎసిటైల్ సాలిసిలిక్ ఆమ్లమును 1897లో బేయర్ సంస్థయందు ఫెలిక్స్ హాఫ్మన్ శుద్ధరూపమున తయారుచేయగా, 1899లో అది ఆస్పిరిన్ అను పేర విక్రయమునకు వచ్చినది. 1887లో వచ్చిన ఫినాసిటిన్ చిరకాలము వాడబడి, మూత్రపిండములను చెఱచుచున్నదని తేలుటచే పిమ్మట వర్జింపబడినది.

*హైదరాబాదు క్లోరోఫారం పరిశోధనలు.* శస్త్రచికిత్సా సమయమున నొప్పిని తొలగించు క్లోరోఫారము యొక్క క్షేమమును పరీక్షించుటకై నిజాము ప్రభుత్వము ఎడ్వర్డ్ లారీ అను వైద్యుని ఆధ్వర్యమున 1888, 1889 సంవత్సరములలో రెండు సంఘములను నియమించెను. క్లోరోఫారము వేదనాహరము గాక మత్తుమం దైనను, ఒక మందు కలిగించు ఉపశమముతోపాటు దాని అపాయమును గూడ పరీక్షించి చూడవలెనను వైద్యధర్మమునకు ఈ ప్రయత్నము తెలంగాణమునందలి తొలి యుదాహరణములలో నొకటి.

*ఇరువదవ శతాబ్ది.* 1948లో బ్రాడీ, ఆక్సెల్‌రాడ్ అను శాస్త్రజ్ఞులు, అదివఱకు వాడుకలో నున్న కొన్ని మందులు దేహమునందు పారాసిటమాలుగా మారియే పనిచేయుచున్నవని చూపిరి. స్ట్యూఆర్ట్ ఆడమ్స్, జాన్ నికల్సన్ కనుగొనిన ఐబుప్రోఫెన్ 1969లో బ్రిటనునందు వాడుకకు వచ్చెను. ఆస్పిరిన్ ఎట్లు పనిచేయుచున్నదో అది విక్రయమునకు వచ్చిన 70 సంవత్సరములకు పైగా తెలియక, 1971లో జాన్ వేన్ పరిశోధనవలన స్పష్టమయ్యెను. ఆయనకు 1982లో బెర్గ్‌స్ట్రామ్, శామ్యూల్సన్‌లతోపాటు నోబెల్ బహుమానము లభించెను.

వర్గీకరణము, క్రియావిధానము

*పారాసిటమాల్.* ఇది నొప్పిని, జ్వరమును తగ్గించును. వాపుపై దీని ప్రభావము స్వల్పము. ఇది ప్రధానముగ మెదడు, వెన్నుపాములందు పనిచేయునని భావింపబడుచున్నది గాని, దాని క్రియ సంపూర్ణముగ నిర్ధారితము కాలేదు. నిర్ణీత పరిమాణమున జఠరమునకు హాని తక్కువ చేయుటచే, సామాన్యపు నొప్పికిని జ్వరమునకును మొదట వాడదగిన మందుగా దీనిని వైద్యులు పరిగణింతురు.

*స్టిరాయిడేతర శోథహరములు.* ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, మెఫినమిక్ ఆమ్లము, నిమెసులైడ్ మున్నగునవి ఈ వర్గమునకు చెందినవి. ఇవి సైక్లో ఆక్సిజనేజును అడ్డగించి ప్రోస్టాగ్లాండినుల ఉత్పత్తిని తగ్గించును. వీనిలో ఆస్పిరినొక్కటి ఎంజైమును మరల కోలుకొనకుండ కట్టివైచును. రక్తపు బింబికలకు కొత్త ఎంజైమును పుట్టించుకొను శక్తి లేకుండుటచే, వాని జీవితకాలమగు 7 నుండి 10 దినములవఱకును ఆ ప్రభావము నిలిచియుండును. స్వల్ప పరిమాణమున, సాధారణముగ దినమునకు 75 మి.గ్రా. వంతున, హృద్రోగులకు ఆస్పిరిన్ ఇచ్చుట నొప్పికొఱకు గాక ఈ గుణముకొఱకే.

*కాక్స్-2 నిరోధకములు.* జఠరమును బాధింపక వాపును మాత్రమే తగ్గించు నుద్దేశముతో సెలికాక్సిబ్, రోఫికాక్సిబ్, ఎటోరికాక్సిబ్ మున్నగునవి నిర్మింపబడినవి.

*ఓపియాయిడులు.* మార్ఫీన్, కోడీన్, ట్రమడాల్, ఫెంటనిల్ మున్నగునవి మెదడునందును వెన్నుపామునందును గల ప్రత్యేక గ్రాహకములకు అంటుకొని, నొప్పి సంకేతము పైకి పోవుటను తగ్గించును. క్యాన్సరు నొప్పికిని, పెద్ద గాయములకును, శస్త్రచికిత్సానంతరపు బాధకును ఇవి మిక్కిలి ప్రయోజనకరములు.

*సహాయక ఔషధములు.* మధుమేహమువలన గాని, నరము నొక్కుకొనుటవలన గాని కలుగు మంట, తిమ్మిరి, పోట్లకు సాధారణపు నొప్పి గోలీలు చాలినంతగ పనిచేయవు. అట్టి యెడల అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ వంటి నరములపై పనిచేయు మందులు వైద్యుని నిర్ణయముపై వాడబడును.

అపాయములు

*జఠరము, రక్తస్రావము.* జఠరపు లోపొరను ఆమ్లమునుండి కాపాడు జిగురుపొర ప్రోస్టాగ్లాండినులవలన నిలిచియుండును. వాని నణచు మందులవలన అజీర్తి, పుండ్లు, రక్తస్రావము, ఒక్కొక్కప్పుడు జఠరమునకు రంధ్రము కలుగవచ్చును. నల్లని తారువంటి విరేచనము, కాఫీగింజల పొడివంటి వాంతి రక్తస్రావ చిహ్నములు. మందును అన్నము తినిన పిమ్మట మ్రింగుట మంటను తగ్గించునే గాని, పుండు పడకుండ సంపూర్ణరక్షణ నీయదు. ఏలయన ఆ హాని గోలీ తాకుటవలననే గాక, రక్తము ద్వారా వ్యాపించిన మందు వలనను కలుగును. ఈ కారణముననే నొప్పి సూది సైతము జఠరమునకు క్షేమకరమని చెప్పరాదు. 60 సంవత్సరములు దాటినవారికిని, పూర్వము పుండు కలిగినవారికిని, రక్తము పలుచబఱచు మందులు గాని స్టిరాయిడులు గాని వాడువారికిని, మద్యపానము చేయువారికిని ముప్పు హెచ్చు.

*మూత్రపిండములు.* దేహమున నీరు సమృద్ధిగ నున్నప్పుడు మూత్రపిండములకు ప్రోస్టాగ్లాండినుల యవసరము అల్పము. నీరు తగ్గినపుడు మాత్రము మూత్రపిండమునకు రక్తమును గొనిపోవు నాళికను తెఱచి యుంచునవి ఇవియే. కావున ఎండలో చెమటోడ్చినవాడు, వాంతులు విరేచనములతో నీరసించినవాడు శోథహరమును తీసికొనినచో, మూత్రపిండమునకు రక్తము తగ్గి ఆకస్మిక వైఫల్యము కలుగవచ్చును. రక్తపోటునకు వాడు కొన్ని మందులు (రామిప్రిల్, టెల్మిసార్టన్ మున్నగునవి), మూత్రము నధికము చేయు మందులు, శోథహరములు ఈ మూడును కలిసినపుడు ప్రమాదము మఱింత పెరుగును. సంవత్సరముల తరబడి వాడుట దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధికి దారితీయవచ్చును. శ్రీకాకుళము జిల్లా ఉద్దానము ప్రాంతమున వ్యాపించిన మూత్రపిండ వ్యాధి విషయమున పరిశోధకులు విచారించిన హేతువులలో నొప్పి మందుల వాడుక యొకటి; అయినను ఆ వ్యాధికి నిశ్చితమైన ఏకకారణము నిరూపితము కాలేదు.

*గుండె, రక్తనాళములు.* శోథహరములు ఉప్పును, నీటిని దేహమున నిలువజేసి రక్తపోటును పెంచవచ్చును. గుండె బలహీనత కలవారికి ఆయాసమును హెచ్చించును. రోఫికాక్సిబ్ వాడినవారిలో గుండెపోటు, పక్షవాతము అధికమగుట నిరూపింపబడగా, దానిని తయారుచేసిన సంస్థ 2004 సెప్టెంబరు 30న ప్రపంచవ్యాప్తముగ ఉపసంహరించుకొనెను. భారతదేశమున అదే సంవత్సరము డిసెంబరులో నిషేధింపబడినది.

*కాలేయము.* పారాసిటమాలునందు కొంత భాగము కాలేయమున విషపదార్థముగా మారును. గ్లూటాథయోన్ అను రసాయనము దానిని నిర్వీర్యము చేయును. పరిమాణము మించినపుడు గ్లూటాథయోన్ తఱిగిపోయి కాలేయకణములు నశించును. మొదటి దినమున వికారము, వాంతులు తప్ప మఱేమియు లేక రోగి బాగుగ నున్నట్లే కనబడి, రెండు మూడు దినములకు కాలేయము చెడిన సంగతి బయటపడుట ఈ విషప్రభావమునందలి మోసము. విఱుగుడైన ఎన్-ఎసిటైల్ సిస్టీన్ 8 గంటలలోపల నిచ్చినచో ఫలితము శ్రేష్ఠము. కావున లక్షణములకై వేచియుండక ఆసుపత్రికి పోవలెను.

*మోతాదు తెలియక మించుట.* ఆరోగ్యవంతులగు పెద్దలకు పారాసిటమాల్ దినమునకు 4000 మి.గ్రా. మించరాదు, బరువు తక్కువవారికిని, కాలేయవ్యాధి కలవారికిని, మద్యము సేవించువారికిని ఇంకను తక్కువ. ఒకడు జ్వరమునకు 650 మి.గ్రా. గోలీలు నాలుగు, నడుమునొప్పికి ఎసిక్లోఫెనాక్ 100 మి.గ్రా.తో పారాసిటమాల్ 325 మి.గ్రా. కలిసిన గోలీలు రెండు, జలుబునకు 500 మి.గ్రా. పారాసిటమాల్ గల గోలీలు రెండు ఒకే దినమున మ్రింగెననుకొందము. మూడు పట్టీల మీదను పేర్లు వేఱు. రోగికి మూడును వేఱువేఱు మందులే. కాని వాని మొత్తము 2600, 650, 1000 కలిసి 4250 మి.గ్రా. పారాసిటమాల్ అగుచున్నది.

*ఇతర దోషములు.* కొందఱు ఉబ్బస రోగులకు ఆస్పిరిన్, తత్సంబంధములగు మందులు ఊపిరాడకుండ చేయును. వైరస్ జ్వరములు గల పిల్లలకు ఆస్పిరిన్ ఇచ్చుట రై సిండ్రోమ్ అను ప్రాణాంతక వ్యాధికి హేతువు కాగలదు. డెంగీ జ్వరమున రక్తస్రావ భయముండుటచే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాకులు వర్జనీయములు, పారాసిటమాలే గ్రాహ్యము. గర్భిణులు 20 వారములు దాటిన పిమ్మట వైద్యుడు చెప్పనిదే శోథహరములు తీసికొనరాదు. మెఫినమిక్ ఆమ్లమువలన అరుదుగ కలుగు తీవ్రమైన అలర్జీ ప్రతిచర్యను గూర్చి భారతీయ ఔషధసంహితా సంఘము 2023లో హెచ్చరిక చేసినది. పిరుదునకు తప్పుచోట వేసిన సూది నరమును గాయపఱచి కాలు పడిపోవుటకు కారణము కావచ్చును.

*ఓపియాయిడుల దోషములు.* మలబద్ధము, మగత, వికారము సాధారణములు. మోతాదు మించినపుడు శ్వాస మందగించి మరణము సంభవింపవచ్చును. నిద్రమాత్రలతో గాని మద్యముతో గాని కలిపినచో ఈ భయము హెచ్చును. అలవాటు, వ్యసనము మఱొక ముప్పు.

నల్లగొండ ప్రాంతము: శ్రమ, నీరు, నొప్పి

నిడమనూరు నల్లగొండ జిల్లాయందు నాగార్జునసాగరు ఎడమకాలువ ఆయకట్టు క్రిందనున్న మండలకేంద్రము. వరి ఇచ్చట ప్రధానమైన పంట. మోకాలిలోతు బురదలో గంటల తరబడి నడుము వంచి నాటు వేయుట, మిర్యాలగూడ బియ్యపు మిల్లులలో హమాలీలు బస్తాలు మోయుట వంటి పనులు నడుమును, మోకాళ్లను, భుజములను మిక్కిలి అరగదీయును. దినకూలి పోవునను భయముచే విశ్రాంతికి బదులు సాయంకాలము మందుల దుకాణమున గోలీ కొనుటయు, ఆర్.ఎం.పి. అనబడు గ్రామవైద్యుని వద్ద సూది వేయించుకొనుటయు పల్లెలలో సామాన్యాచారము. పట్టీ లేక పొట్లములో కట్టియిచ్చు గోలీలలో డెక్సామెథసోన్ వంటి స్టిరాయిడు కలిసియుండుటయు కలదు. దానివలన నొప్పి త్వరగ తగ్గినను, దీర్ఘకాలము వాడినచో రక్తమున చక్కెర పెరుగుట, ముఖము ఉబ్బుట, ఎముకలు గుల్లబాఱుట, హఠాత్తుగ మానినచో ప్రాణాపాయము కలుగుట సంభవించును.

నల్లగొండ జిల్లాకు ఫ్లోరోసిస్ మఱొక ప్రత్యేక సమస్య. భూగర్భజలమునందలి ఫ్లోరైడు ఎముకలలో చేరి, కీళ్లు బిగిసి, వెన్ను వంగి, నిరంతరమైన నొప్పి కలుగును. ఈ జిల్లాయందలి వ్యాధిని గూర్చి సిద్దిఖీ అను వైద్యుని వ్యాసము 1955లో బ్రిటిష్ వైద్యపత్రికయందు ప్రకటితమైనది. పటికను, సున్నమును ఉపయోగించి నీటినుండి ఫ్లోరైడును తొలగించు పద్ధతికి 'నల్లగొండ పద్ధతి' యను పేరే ప్రపంచప్రసిద్ధి. మఱ్ఱిగూడ, మునుగోడు ప్రాంతములు ఈ వ్యాధికి మిక్కిలి గుఱియైనవి. నొప్పి గోలీ అట్టి రోగికి కొన్ని గంటల ఉపశమము నిచ్చునే గాని ఎముకలో చేరిన ఫ్లోరైడును తీసివేయజాలదు. మంచినీటి సరఫరాయే నిజమైన నివారణము. అధిక ఫ్లోరైడు మూత్రపిండములను గూడ బాధింపగలదు గనుక, ఈ రోగులు శోథహరములను దీర్ఘకాలము వాడుట విశేషించి అపాయకరము. రక్తమున క్రియాటినిన్ పరీక్షించుకొనుట వారికి ఆవశ్యకము. నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమగుటచే ఉన్నత వైద్యము ఈ ప్రాంతమునకు దగ్గఱైనది.

తెలుగునాట ఉత్పత్తి

పూర్వపు నల్లగొండ జిల్లాయందలి చౌటుప్పల్ దగ్గఱ 1995లో తన తొలి కర్మాగారమును నెలకొల్పిన దివీస్ లాబొరేటరీస్ నాప్రోక్సెన్ మూలద్రవ్యమును ఉత్పత్తిచేయుటయందు ప్రపంచమున అగ్రగణ్యము. సంగారెడ్డి జిల్లా బొంతపల్లియందు కర్మాగారము గల గ్రాన్యూల్స్ ఇండియా పారాసిటమాల్ ఉత్పత్తికి ప్రసిద్ధము.

శాసన నియంత్రణము

ఔషధముల తయారీ, విక్రయము 1940 నాటి శాసనమునకును, 1945 నాటి నిబంధనలకును లోబడియున్నవి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్ మున్నగునవి హెచ్ షెడ్యూలునకు చెందినవి. వైద్యుని చీటీ లేక వీనిని విక్రయింపరాదు. ఫినాసిటిన్ 1983లో నిషిద్ధమయ్యెను. 12 సంవత్సరములలోపు పిల్లలకు నిమెసులైడ్ 2011లో నిషేధింపబడినది. అదే సంవత్సరము, ఇతర మందులతో కలిపిన గోలీలలో పారాసిటమాల్ 325 మి.గ్రా.కు పరిమితము చేయబడినది. అనాల్జిన్ అను నొప్పి మందు 2013లో నిలుపుచేయబడి, 2014లో షరతులతో అనుమతింపబడినది. నిమెసులైడ్, పారాసిటమాల్ కలిసిన నీటిలో కరుగు గోలీలు 2023లోను, ఎసిక్లోఫెనాక్ 50 మి.గ్రా., పారాసిటమాల్ 125 మి.గ్రా. కలిసిన గోలీలు 2024లోను నిషేధమునకు లోనైనవి.

మార్ఫీన్ 1985 నాటి మాదకద్రవ్య శాసనపు కఠిననిబంధనలచే ఆసుపత్రులలో సైతము దుర్లభమై, క్యాన్సరు రోగులు చాలకాలము బాధపడిరి. 2014 సవరణము ఆ నిబంధనలను కొంత సడలించినది. హైదరాబాదునందలి ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి వేదనోపశమన చికిత్సకు తెలంగాణమున ముఖ్యకేంద్రము. ట్రమడాల్ దుర్వినియోగము పెరుగుటచే 2018లో అదియు మాదకద్రవ్య శాసన పరిధిలోనికి తేబడినది.

పశువైద్యము, రాబందులు

డైక్లోఫెనాక్ సూది వేయబడిన పశువు చనిపోయినపుడు దాని మాంసమును తినిన రాబందులు మూత్రపిండములు చెడి మరణించుచున్నవని 2004లో నిరూపింపబడెను. 2006లో భారతదేశమున దాని పశువైద్య వినియోగము నిషిద్ధమయ్యెను. మనుష్యుల కుద్దేశింపబడిన పెద్ద సీసాలు పశువులకు మళ్లింపబడుచుండుటచే, 2015లో సూదిమందు సీసా పరిమాణము 3 మి.లీ.కు పరిమితమైనది. తెలంగాణమున కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవులయందలి పాలరాపుగుట్ట రాబందుల నివాసముగా 2013లో గుర్తింపబడినది. పశువైద్యమున డైక్లోఫెనాకునకు బదులు వాడదగిన మెలోక్సికామ్ అను శోథహరము రాబందులకు హానిచేయని ప్రత్యామ్నాయము.

వినియోగ నియమములు

మందు పట్టీపై వ్యాపారనామమును గాక, దాని క్రింద చిన్న యక్షరములతో నుండు ఔషధనామమును, పరిమాణమును చదువవలెను. చదువరానివారికి దుకాణదారుడు చదివి వినిపించుట ధర్మము. రెండు శోథహరములను కలిపి వాడరాదు. అవసరమైనంత తక్కువ మోతాదును, అవసరమైనంత తక్కువ దినములు మాత్రమే తీసికొనవలెను. ఎండలో పనిచేసి దప్పికతో నున్నవారు ముందుగ నీరు త్రాగి, శోథహరమునకు బదులు పారాసిటమాలును ఎంచుకొనుట మేలు. పిల్లలకు పారాసిటమాల్ కిలో బరువునకు 10 నుండి 15 మి.గ్రా. వంతున, గంటెతో గాక సీసాతో నిచ్చిన కొలపాత్రతో నీయవలెను, 5 మి.లీ.కు 125 మి.గ్రా., 250 మి.గ్రా. వంటి వేఱువేఱు బలములలో ద్రవము లభించును గనుక, సీసాపై నంకెను చూడనిదే పోయరాదు. మూత్రము తగ్గుట, కాళ్లవాపు, నల్లని విరేచనము, కన్నులు పచ్చబడుట, ఒంటిపై దద్దురు, ఛాతీనొప్పి కనబడినపుడు మందు మాని వెంటనే వైద్యుని చేరవలెను. పది దినములకు మించి నొప్పి గోలీ అవసరమగుచున్నచో, మఱియొక గోలీని గాక నొప్పికి గల కారణమును వెదుకవలెను.

ఏ మందువలననైనను హాని కలిగినచో, వైద్యులే గాక రోగులును భారత ఔషధభద్రతా కార్యక్రమమునకు 1800-180-3024 అను ఉచిత దూరవాణి సంఖ్య ద్వారా తెలుపవచ్చును.